పాడకూడని పెట్టె

శబ్దం ఆకాశగుణమని మన తార్కికులు నిర్ణయించారు. అది పుట్టినచోటునుండి చెవిదాకా ఎట్లు వస్తుందన్న ప్రశ్న పుట్టినప్పుడు వారిలోనే రెండు పక్షాలు ఏర్పడినవి. చెరువులో రాయి పడితే అలను తరుముకొంటూ అల పుట్టినట్లు వస్తుందని కొందరన్నారు; అది వీచీతరంగన్యాయం. కడిమిమొగ్గ విచ్చినప్పుడు కేసరాలన్నీ ఒక్కమారుగా దశదిశలకూ సాగినట్లు వస్తుందని మరికొందరన్నారు, అది కదంబముకుళన్యాయం. తర్కం చదివే విద్యార్థులు ఈ రెండింటినీ పరీక్షకోసం వల్లెవేసి, పరీక్ష కాగానే మరచిపోవడం పరిపాటి. కాని వీటిని చేతితో తాకి, చెవితో విని తెలుసుకొనే మార్గం ఒకటున్నది. కొన్ని పలకలు, ఒక రంపం, కాస్త జిగురు, ఒక చిన్న స్పీకరు ఉంటే చాలును. ఇంటివద్ద స్వయంగా లౌడుస్పీకరు పెట్టె చేసుకోవడమే ఆ మార్గం.

పాశ్చాత్యదేశాలలో ఈ పనికి కారుకొట్టం రంగస్థలం. మా గుమ్మలక్ష్మీపురం వంటి మన్యపుటూళ్లలో కారు ఉన్నవారికి కూడ దానికొక కొట్టం ఉండడం అరుదు. వసారాకు మాత్రం కొదువలేదు. పార్వతీపురంనుండి కొండలలోనికి వస్తే ఒడిషా సరిహద్దుకు ఇవతల ఉన్న మండలకేంద్రం మాది. 1979 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉన్నది. ఆ తరువాత విజయనగరం జిల్లాలోనిదైనది. 2022 ఏప్రిల్ నుండి పార్వతీపురం మన్యం జిల్లాకు చెందినది. ఊరు ఉన్నచోటనే ఉన్నది గాని, జిల్లాలు దానిమీదుగా నడచిపోయినవి. సవరలు, జాతాపులు ఇక్కడి ప్రాచీన నివాసులు. ఈ ఊళ్లలో పండుగ వచ్చినా, పెండ్లి వచ్చినా, ఎన్నికలు వచ్చినా మైకుసెట్టు కావలసినదే. ఇంత వాడుకలో ఉన్న వస్తువును విప్పి చూచినవారు మాత్రం తక్కువ.

విప్పి చూస్తే అందులో ఉన్నది స్వల్పమే. ఒక అయస్కాంతం; దాని సందులో కదిలే సన్నని రాగితీగ చుట్ట; ఆ చుట్టకు అంటించిన కాగితపు గరాటు. తీగలో విద్యుత్తు అటూ ఇటూ పారినకొద్దీ చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది, దానితోపాటు కాగితమూ కదిలి గాలిని నెట్టుతుంది. ఈ రూపానికి నేటి ప్రతిష్ఠ తెచ్చినది అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేసిన రైస్, కెలాగ్ అనే ఇద్దరు. 1925లో వారు ప్రకటించిన వ్యాసమే దీనికి మూలకందం. శతాబ్దం గడిచినా మౌలికంగా మారినది లేదు.

చిక్కు అంతా కాగితం వెనుకవైపున ఉన్నది. అది ముందుకు వచ్చినప్పుడు ఎదుటి గాలి వత్తుకొంటుంది. అదే క్షణంలో వెనుక గాలి పలుచబడుతుంది. అనగా ఒకే కాగితం రెండు శబ్దాలను పుట్టిస్తున్నది. ఒకటి రెండవదానికి శత్రువు. రెండూ అంచువద్ద కలుసుకొని పరస్పరం చెల్లు పెట్టుకొంటవి. పెట్టె లేకుండ స్పీకరును చేతిలో పట్టుకొని వాయించి చూడుడు: కంజరపు గలగల వినబడుతుంది, మృదంగపు గుమికి మాత్రం వినబడదు. సెకనుకు 50 కంపనాల మంద్రధ్వనికి అల పొడవు సుమారు 6.9 మీటర్లు; అంతటి అలకు 20 సెంటీమీటర్ల కాగితం చుట్టూ వంగి వెనుకకు పోవడం కష్టమా? సెకనుకు 5000 కంపనాల తారధ్వనికి అల పొడవు 7 సెంటీమీటర్లే. అది వంగక, టార్చిదీపపు వెలుగువలె ఎదుటికే పోతుంది. మంద్రధ్వని కడిమిపూవువలె నలుదిక్కులా విచ్చుకొంటుంది, తారధ్వని ఒక దిక్కునే ఆశ్రయిస్తుంది. మన తార్కికుల ఉపమానం స్థాయీభేదాన్నిబట్టి వర్తిస్తుందని వసారాలో కూర్చుండి తెలుసుకోవడం ఒక ఆనందం.

కనుక వెనుక శబ్దాన్ని ముందుకు రానీయకుండ బంధించాలి. పెట్టె పుట్టినది అందుకు. బంధించడానికి పెట్టెయే కానక్కరలేదని మన పల్లెవాండ్రు ఏనాడో గ్రహించారు. ట్రాన్సిస్టరు, టేపురికార్డరు ఊరూరా వ్యాపించిన కాలంలో స్పీకరును ఊడదీసి మట్టికుండ మూతిమీద అమర్చి పాటలు వినడం తెలుగుదేశమంతటా కనబడిన దృశ్యమే. చదువుకొన్నవారు దానిని చూచి నవ్వినవారే గాని, నవ్వదగినది అందులో ఏమీ లేదు. కాలిన మట్టి బరువైనది, గట్టిది, సులభంగా అదరదు. కుండ గోడలు ఎక్కడా ఎదురెదురుగా సమంగా నిలువవు గనుక లోపలి ధ్వని గోడకూ గోడకూ మధ్య బంతివలె ఎగిరిపడదు. పలకలు కోసి, మేకులు కొట్టి, ఇంజనీరు సాధించదలచిన గుణాలలో సగం కుమ్మరిసారె ఉచితంగా ఇస్తున్నది. లోపమల్లా ఒకటే. కుండకు తనదైన స్వరం ఒకటున్నది. ఖాళీకుండ మూతివద్ద నోరుపెట్టి ఊదితే వచ్చే ఆ స్వరం, లోపల దూది కూరకపోతే, పాడేవారి గొంతుకు తోడుగా తానూ పలుకుతుంది. ఎవరు పాడినా కొంచెం కుండే పాడినట్లుంటుంది. ఇటువంటి బోలు పాత్రల స్వరాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవాడు జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్‌జ్. ఆయన మహాగ్రంథం వెలువడినది 1863లో. గిడుగు రామమూర్తి పంతులుగారు జన్మించినదీ అదే సంవత్సరం. కాకతాళీయమే కావచ్చును, కాని వారిని గురించి ముందు చెప్పవలసి ఉన్నది గనుక ఈ సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకొనవలెను.

కుండ అనగానే మా ప్రాంతంవారికి వీణ గుర్తుకు వస్తుంది. పార్వతీపురం దాటి దిగువకు పోతే బొబ్బిలి; ఆ దగ్గరనే గొల్లపల్లి. అక్కడ సర్వసిద్ధివారి కుటుంబాలు తరతరాలుగా పనసమానుతో వీణలు చేస్తున్నవి. ఒకే మ్రానునుండి కుండ, దండి వేరు కాకుండ తొలిచే ఏకాండి వీణ వారి ప్రత్యేకత. దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. పనివాడు లోపలినుండి కొయ్యను తొలుస్తూ, నడుమ నడుమ వేలితో తట్టి చెవి ఒగ్గుతాడు. గోడ దళసరిగా ఉంటే వీణ మూగది. మరీ పలుచనైతే గొంతు పగులుతుంది. ఆ తట్టులో ఉన్నది విద్య అంతా.

లౌడుస్పీకరు పెట్టె చేసేవాడూ తట్టవలసినదే. అయితే ఇతడు వినగోరేది దానికి పూర్తిగా విరుద్ధం. వీణ కుండ పాడవలెను. అందుకే దానిని చేసేది. తంత్రి ఇచ్చిన కొద్దిపాటి కదలికను తీసుకొని, తన స్వభావాన్ని కలిపి, పెంచి ఇవ్వడం దాని ధర్మం. ఈ పెట్టె మాత్రం పాడకూడదు. ఘంటసాల పాడుతుంటే ఘంటసాలే వినబడాలి గాని వేగిసచెక్క వినబడరాదు. తట్టితే ఖంగుమనే పలక పనికిరాదు. పుస్తకంమీద తట్టినట్లు దబ్బున ఆగిపోవలెను. ఈ భేదం తెలియక మంచి టేకుచెక్కను పలుచగా చిత్రికపట్టి, నునుపుచేసి, అందమైన పెట్టె చేసి, అది ప్రతి పాటకూ వంతపాడుతుంటే ఆశ్చర్యపడేవారున్నారు. సంగీతంమీది మక్కువతోనే ఈ పొరపాటు జరుగుతుంది. సంగీతవాద్యానికి మంచిదైన చెక్క దీనికి కూడ మంచిదే అనుకోవడం సహజం గదా!

పాడకుండ చేయడమెట్లు? దళసరి చెక్క ఒక దారి: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు సామాన్యంగా సరిపోతుంది. ఎదురుబదురు పలకల మధ్య ఒక అడ్డకర్ర బిగించడం రెండవ దారి. ఖర్చు లేనిది, ఫలం మిక్కిలిది. మూడవదారి నాకు ఎక్కువ ఇష్టమైనది. ఇంగ్లండులోని యార్కుషైరులో గిల్బర్టు బ్రిగ్స్ అనే పెద్దమనిషి ఉండేవాడు. బట్టల వర్తకంలో ఉన్నవాడు. 1932లో తన ఇంటి నేలమాళిగలో మొదటి స్పీకరు తయారుచేశాడు. ఆ నది లోయ పేరే తన సంస్థకు పెట్టుకొన్నాడు: వార్ఫ్‌డేల్. పలక అదరకుండ ఉండడానికి ఆయన రెండు పలుచని పలకల మధ్య ఎండు ఇసుక పోసి చూపాడు. ఇసుకరేణువులు ఒకదానితో ఒకటి ఒరుసుకొని అదురును మింగివేస్తవి. మా కొండవాగులలో ఇసుకకు కరవు లేదు. నాలుగు నాళ్లు ఎండబెట్టి, జల్లించి, రెండు పలుచని ప్లైవుడ్డు పలకల నడుమ పోసి, బిగించి, తట్టి చూడుడు. గోడను తట్టినట్లుంటుంది. మోయడానికి మాత్రం ఇద్దరు కావాలి!

ఇక కొలతలు. పెట్టె ఘనంగా, అనగా మూడువైపులా సమంగా ఉండరాదు. 31 సెంటీమీటర్ల ఘనం చేస్తే లోపలి గాలి మూడు దిక్కులలోనూ ఒకే స్వరంవద్ద, సెకనుకు సుమారు 555 కంపనాలవద్ద, ఊగుతుంది. మూడు ఊపులు ఒకటై ఆ ఒక్క స్వరం ముక్కుతో పలికినట్లు వినబడుతుంది. 40, 30, 25 సెంటీమీటర్ల లోపలి కొలతలతో చేస్తే పరిమాణం ఇంచుమించు అంతే, 30 లీటర్లు. కాని ఊపులు 430, 573, 688 కంపనాలవద్దకు చెదరిపోతవి. మిగిలినదానిని దూది చూచుకొంటుంది. దుకాణంలో దొరికే ఖరీదైన నార అవసరం లేదు. బూరుగుదూదిని పలుచని గుడ్డలో పరచి లోపలి గోడలకు అంటిస్తే పని జరుగుతుంది. స్పీకరు వెనుక చుట్టవద్దకు దూదిపోగులు పోకుండ చూచుకొనవలెను. కీళ్లన్నీ జిగురుతో గాలి చొరకుండ మూయవలెను. కాగితాన్ని మెల్లగా లోపలికి అదిమి విడిస్తే అది వెంటనే కాక, నిదానంగా స్వస్థానానికి రావాలి. అట్లు వచ్చినదంటే పెట్టెలో గాలి బందీ అయినదని అర్థం.

మూసిన పెట్టెలోని గాలి ఊరకే ఉండదు. నొక్కితే ఎదురు నెట్టుతుంది. దీనిని దోషంగా భావించి పెద్ద పెద్ద బీరువాలంత పెట్టెలు చేసుకొనే రోజులలో, దోషాన్నే గుణంగా మలచినవాడు ఎడ్గార్ విల్చుర్. ఈయన న్యూయార్కు విశ్వవిద్యాలయంలో ధ్వనిపునరుత్పత్తిని గురించి పాఠం చెప్పేవాడు. స్పీకరు కాగితాన్ని పట్టి ఉంచే బిగువైన అంచు సమంగా సాగదు, అందువల్ల మంద్రస్వరం వికృతమవుతుందని గమనించాడు. ఆ అంచును వదులుచేసి, పట్టి ఉంచే భారాన్ని పెట్టెలోని గాలికే అప్పగించాడు. గాలి ఉక్కుకంటె నమ్మకమైన స్ప్రింగు! తొలి నమూనాకు అంచుగా వాడినది పరుపుగుడ్డ. దానిని కుట్టి ఇచ్చినది ఆయన భార్య. 1954లో తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి సంస్థ పెట్టాడు. బల్లమీద పట్టే పెట్టెనుండి బీరువాకు తగిన మంద్రధ్వని వెలువడేటప్పటికి ఆ రంగంలోని పెద్దలు మొదట నమ్మలేదు. ఉపాధ్యాయులు చదివే ఈ పుటలో ఇంకొక సంగతి కూడ చెప్పవలెను. స్పీకర్లవల్ల వచ్చిన సంపాదనతో ఆయన తరువాతి జీవితం వినికిడి తగ్గినవారి చెవియంత్రాల పరిశోధనకు వినియోగించాడు. అందులో కనుగొన్న ముఖ్యవిషయానికి పేటెంటు తీసుకొనక లోకానికి విడిచిపెట్టాడు.

మూసిన పెట్టెకు ప్రతిపక్షం గొట్టపు పెట్టె. ఇందులో వెనుక శబ్దాన్ని ఖైదు చేయక, ఒక గొట్టంద్వారా తిప్పి, మిత్రునిగా చేసి బయటికి పంపుతారు. పైన చెప్పిన 30 లీటర్ల పెట్టెకు 7.5 సెంటీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు గల పి.వి.సి. గొట్టం అమర్చితే అది సెకనుకు 53 కంపనాలవద్ద ఊపిరి తీస్తుంది. గొట్టాన్ని 20 సెంటీమీటర్లకు పెంచితే 42కు దిగుతుంది. 5కు కుదిస్తే 65కు పోతుంది. కుండ మూతివద్ద ఊదిన స్వరమే ఇది. మెడ పొడవైనకొద్దీ మంద్రమవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లో ఈ లెక్కను ఒక క్రమంలో పెట్టాడు. పదేళ్లపాటు లోకం దానిని పట్టించుకొనలేదు; 1971లో అమెరికాలో పునర్ముద్రణ అయిన తరువాత అది అందరికీ శాస్త్రమైనది. నేడు స్పీకరుతోపాటు వచ్చే పత్రంలోని అంకెలు ఆయనవీ, ఆయనను అనుసరించిన రిచర్డ్ స్మాల్‌వీ. ఆ పత్రం లేకుండ కొన్న స్పీకరుకు గొట్టం పెట్టడమంటే జాతకం చూడకుండ ముహూర్తం పెట్టడం వంటిది.

సంగీతానికి గొట్టపు పెట్టె ఎంతైనా బాగుండవచ్చును. బడికి మాత్రం మూసిన పెట్టెయే మేలని నా అభిప్రాయం. కారణం భాషకు సంబంధించినది. నా వృత్తికీ సంబంధించినది.

మాటలో ధ్వని ఎంత ముఖ్యమో నిశ్శబ్దమూ అంతే ముఖ్యం. ‘అటు’ అన్నదానికీ ‘అట్టు’ అన్నదానికీ భేదమేమి? నాలుక అంగుడికి అంటుకొని ఉండే లిప్తకాలపు మౌనం కొంచెం పొడుగు కావడమే. ఆ మౌనం ఉన్నచోట పెట్టె తన పాటను ఆపక మ్రోగుతూ ఉంటే ద్విత్వం కరగిపోతుంది. గొట్టం సరిగా కుదరని పెట్టెలూ, అదిరే పలకలూ చేసే అపకారం ఇదే: గొంతు పెద్దదవుతుంది, మాట అణగిపోతుంది. మా ప్రాంతపు బడులలో తెలుగు ఇంటిభాష కాని పిల్లలు చాలమంది. తెలుగు ఇంట మాటలాడే పిల్లవాడు సగం విన్న మాటను సందర్భాన్నిబట్టి పూరించుకొంటాడు. సవర పిల్లవాడు, ఆ మాటను ఇప్పుడే నేర్చుకొనేవాడు, దేనితో పూరించుకొంటాడు? అతడు విన్నదే అతనికి మాట. మైకులో ‘అటు’ వినబడితే అటే వ్రాస్తాడు; అది అతని తప్పుగా ఎర్రసిరా పడుతుంది.

సవరభాషలోనూ ఈ మౌనానికి గౌరవస్థానం ఉన్నది. అది ముండా కుటుంబానికి చెందిన భాష. తెలుగుకు చుట్టం కాదు. గొంతులో ఊపిరిని క్షణకాలం బిగబట్టి విడిచే ఆపు అందులో ఒక వర్ణమే. దానిని చెవితో పట్టుకొని, కాగితంమీద నిలిపినవారు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరలను ఇంట ఉంచుకొని భాష నేర్చుకొన్నారు, వారికోసం బడులు పెట్టారు. సవరభాషకు వారు వ్రాసిన వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడినవి. ఆ కొండలలో తిరిగినందుకు వారికి దక్కినది మన్యపు జ్వరం. జ్వరానికి క్వినైను పుచ్చుకొన్నారు. క్వినైను చెవులను తినివేసినది. అంత సూక్ష్మమైన శబ్దభేదాలను పట్టిన చెవి మొద్దుబారిపోయినది. వారి జన్మదినమైన ఆగస్టు 29న మనం తెలుగు భాషాదినోత్సవం జరుపుతున్నాము. ఆనాడు బడి ఆవరణలో వారిని గురించి చేసే ఉపన్యాసం చెట్టుకు కట్టిన హారనులోనుండి వెలువడితే, వెనుకవరుస పిల్లలకు అందులో అచ్చులు తప్ప హల్లులు దొరకడం కష్టమే.

హారనును నిందించడం నా ఉద్దేశం కాదు. అది దూరానికి పుట్టినది. పొలంలో, సంతలో, తుపాను హెచ్చరికలో దానికి సాటి లేదు. తక్కువ శక్తితో ఎక్కువ దూరం పోవడానికి అది మంద్రభాగాన్ని వదలుకొని, నడిమి స్వరాలను పిండి పంపుతుంది. ఇరవైయడుగుల గదిలో దానిని పెట్టడం దివిటీతో పుస్తకం చదవడం వంటిది. అటుపైన చట్టమున్నది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలప్రకారం రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటలవరకు బహిరంగస్థలంలో లౌడుస్పీకరు వాడరాదు. నివాసప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. బడుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్దమండలంగా ప్రకటించవచ్చును, అక్కడ పగటి హద్దు 50. పెండ్లి ఊరేగింపుల వెంట పోయే పెట్టెల వరుసలకు ఈ అంకెలు తెలిసినట్లు కనబడదు.

బడిపిల్లలతో ఈ పని చేయించదలచిన ఉపాధ్యాయులకు కొన్ని సూచనలు. ఎనిమిదంగుళాల స్పీకరు ఒకటి, ఎక్కువ స్వరాలకు చిన్నది ఒకటి చాలును. స, శ, ష వంటి ఊష్మ ధ్వనులు, స్పర్శల విడుదల ఈ చిన్నదానిపైనే ఆధారపడి ఉన్నవి. అది పిల్లల చెవులవైపు తిరిగి ఉండాలి, ఎందుకంటే తారధ్వని పక్కలకు పోదని పైన చెప్పుకొన్నాము. పెట్టెను గదిమూలకు నెట్టరాదు. మూల మంద్రాన్ని పెంచుతుంది, మాటను ముంచుతుంది. మా వైపు వర్షకాలం దీర్ఘమైనది. తేమకు కాగితం మెత్తబడి బూజు పట్టుతుంది, నేలమీద ఉంచిన పెట్టెకు చెదలు పట్టుతవి. వారానికొకసారి అరగంట వాయిస్తే చుట్టలో పుట్టే వెచ్చదనంతో తేమ కొంత తొలగుతుంది. ఇనుపకాళ్ల పీటమీద పెట్టితే చెదలకు దారి అందదు. వడ్రంగం తెలిసిన పెద్దలు ఊరిలో ఉంటారు. రంపం వారి చేతిలోనూ, కొలబద్ద పిల్లల చేతిలోనూ ఉంటే గణితం, భౌతికశాస్త్రం, భాష మూడూ ఒకే మధ్యాహ్నంలో జరుగుతవి.

పెట్టె కుదిరినదో లేదో తేల్చడానికి యంత్రాలు అక్కరలేదు. ఒక విద్యార్థిని తలుపు అవతల మైకువద్ద కూర్చుండబెట్టి చదివించుడు: అటు, అట్టు; గుడి, గుడ్డి; పాట, బాట; కాలి, గాలి; తాత, దాత. వరుస మార్చి మార్చి ఇరవైమాటలు. చివరి బల్లమీది పిల్లలు వ్రాసుకొనవలెను. తప్పులు లెక్కపెట్టి, పెట్టె విప్పి, ఒక అడ్డకర్ర చేర్చి, దూది కొంత పెంచి, మరల చదివించవలెను. రెండవసారి మైకువద్ద సవర పిల్లను కూర్చుండబెట్టి ఆమె భాషలోని మాటలు చదివించుడు. చివరి బల్లమీది సవర పిల్లలు విని, విన్న మాటకు తెలుగు చెప్పవలెను. గొంతులో ఊపిరి ఆపే మాటలు రెండుమూడు ఆ జాబితాలో తప్పక ఉండునట్లు ఆమెనే ఏరమనవలెను.